చలికాలం వాకింగ్‌కి వెళ్లే ముందు గాలి చూసుకోండి

హైదరాబాద్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తెల్లవారుజామున కనిపించేదంతా మంచు కాదు. చలికి నేల దగ్గరి గాలి పైకి లేవదు కాబట్టి రాత్రంతా తిరిగిన లారీల పొగ, బిల్డింగులు కట్టేచోట లేచే దుమ్ము, వీధి చివర తగలబెట్టిన చెత్త పొగ, అన్నీ మన ముక్కు ఎత్తులోనే ఉండిపోతాయి.

ముందు ఫోన్‌లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల సమీర్ యాప్ వేసుకోండి. ఊరు మొత్తానికి ఒక్క అంకె చూసి ఊరుకోకుండా మీ దగ్గరి గాలి కొలిచే స్టేషన్, సనత్‌నగర్ అయినా జూపార్క్ అయినా, విడిగా చూడండి. ఏక్యూఐ, అంటే గాలి ఎంత చెడిందో చెప్పే ఆ అంకె, 100 లోపు ఉంటే హాయిగా నడవండి. 200 దాటితే ఎండ బాగా వచ్చాక మళ్లీ చూసి వెళ్లండి. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లయితే 100 దాటినప్పటి నుంచే జాగ్రత్త, ఎందుకంటే పీఎం 2.5 అనే సన్న నుసి ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్తుంది, దగ్గుతో పోయేది కాదు, గుండెపోటు, పక్షవాతం ముప్పు కూడా పెంచుతుంది.

కర్చీఫ్ కట్టుకుంటే పెద్ద దుమ్ము ఆగుతుందేమో గానీ ఈ నుసి ఆగదు. ఎన్95 మాస్కు కావాలి, అదీ ముక్కు దగ్గర తీగ నొక్కి, పక్కల నుంచి గాలి రాకుండా.

ఇంట్లో సంగతి ఎవరూ పట్టించుకోరు. తలుపులన్నీ బిగించి దోమల కాయిల్ వెలిగిస్తే ఒక్కోసారి బయట కంటే లోపలే ఘోరంగా ఉంటుంది (నన్నడిగితే దోమతెరే నయం). పోపు వేసేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి, పొడి చీపురు బదులు తడిగుడ్డ పెట్టండి. రాలిన ఆకులు మాత్రం కాల్చకండి, గుంతలో వేస్తే ఎరువవుతుంది.