బర్గరు బిల్లులో ఆ ఒక్క వరుస చూడండి

బెంగళూరులో బర్గర్లకు, మిల్క్‌షేక్‌లకు వెళ్లే మనవాళ్లకు ఒక మాట. బిల్లు రాగానే అడుగున ఉన్న మొత్తం చూసి ఫోను తీయకండి, దానికి రెండు వరుసల పైన చూడండి. మొన్న కోరమంగళలో నలుగురం తిన్నదానికి 1,400 రూపాయలైతే, ‘సర్వీస్ ఛార్జి’ పేరుతో మరో 140 ముందే కలిపేశారు. దాని మీద మళ్లీ జీఎస్టీ! జీఎస్టీ 5 శాతం తప్పదు, అది ప్రభుత్వానికి వెళ్తుంది. సర్వీస్ ఛార్జి ఇవ్వడం మాత్రం మన ఇష్టం. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ దాన్ని బిల్లులో దానంతటదే కలపకూడదని 2022 జులైలోనే చెప్పింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది. ‘ఇది తీసేసి వేరే బిల్లు ఇవ్వండి’ అని నెమ్మదిగా అడిగితే మాకు రెండు నిమిషాల్లో మార్చి ఇచ్చారు. మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. వడ్డించిన అబ్బాయి మీద కోపం చూపకండి, ఆ బిల్లు అతను వేసింది కాదు. మేము అతని చేతికే యాభై ఇచ్చాం.

అన్నట్టు, మిల్క్‌షేక్‌ను బర్గరుతో పాటే తెమ్మనండి. ముందే తెస్తే, బర్గరు వచ్చేసరికి గ్లాసులో పైన నురగ, అడుగున పల్చటి పాలు మిగులుతాయి.