రెండు దూర నగరాల మధ్య విమాన దూరం, ప్రయాణ సమయం ఎలా లెక్కగట్టాలి?

టోక్యో నుంచి లాస్ ఏంజెలెస్‌కు ఎన్ని గంటల ప్రయాణం? ఈ రెండు నగరాలతోనే లెక్క వేద్దాం. మనం సాధారణంగా పొరబడే చోట్లు దాదాపు అన్నీ ఈ దారిలోనే తగులుతాయి.

ముందు దూరం. గోడ మీది మ్యాపుకు స్కేలు పెట్టి కొలవకండి. గ్లోబు తీసుకుని, రెండు నగరాల మధ్య దారం బిగించి పట్టుకోండి. రెండూ 34, 36 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్యే ఉన్నా, దారం మాత్రం ఉత్తరానికి ఎగబాకి దాదాపు 48 డిగ్రీల దాకా వెళ్లి కిందికి దిగుతుంది. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి అదే దగ్గరి దారి. మొదటిసారి చూసినప్పుడు నమ్మబుద్ధి కాదు, కానీ అక్షాంశం వెంబడే తిన్నగా తూర్పుకు పోతే సుమారు 9,300 కిలోమీటర్లు, ఇలా పోతే 8,800.

ఆ అంకె ఎలా వచ్చిందంటారా? అదే దారాన్ని గ్లోబు మీద భూమధ్యరేఖ వెంట పరవండి. 79 డిగ్రీల పైచిలుకు వస్తుంది. ఒక్కో డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున గుణిస్తే చాలు. ఆన్‌లైన్‌లో చూసేవాళ్లు యూనిట్ గమనించండి: నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు, మామూలు మైలు 1.609.

తర్వాత గంటలు. పెద్ద జెట్ విమానం పైకెక్కాక గంటకు సుమారు 900 కిలోమీటర్లు పోతుంది. భాగిస్తే 9 గంటల 47 నిమిషాలు. రన్‌వే దాకా వెళ్లడానికి, ఎక్కడానికి, దిగడానికి ఇంకో అరగంట కలపండి.

ఇక్కడితో ఆపితే తిరుగు ప్రయాణం లెక్క తప్పుతుంది. 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తుంది. చలికాలంలో దాని జోరు మరీ ఎక్కువ. తూర్పుకు వెళ్లేటప్పుడు అది విమానాన్ని ముందుకు తోస్తుంది, కాబట్టి పది గంటలు చాలు. వచ్చేటప్పుడు ఎదురుగాలి, పదకొండున్నర నుంచి పన్నెండు గంటలు పట్టవచ్చు.

గగనతలం మూసేసినా లెక్క మారిపోతుంది. 2022లో రష్యా మీదుగా దారి మూసుకుపోయాక, ఫిన్లాండ్ రాజధాని హెల్సింకి నుంచి టోక్యోకు తొమ్మిదిన్నర గంటల ప్రయాణం సుమారు 13 గంటలకు పెరిగింది.

చివరిగా, దిగే ఊళ్లో టైమెంత? ఇక్కడే అందరికీ టెన్షన్. బయల్దేరే సమయాన్ని ముందు యూటీసీలోకి, అంటే ప్రపంచమంతా ప్రమాణంగా తీసుకునే సమయంలోకి, మార్చండి. టోక్యో యూటీసీకి 9 గంటలు ముందుంటుంది కాబట్టి, అక్కడ సోమవారం సాయంత్రం 5 అంటే యూటీసీలో ఉదయం 8. దానికి పది గంటలు కలిపితే సాయంత్రం 6. లాస్ ఏంజెలెస్ చలికాలంలో 8 గంటలు వెనక, అంటే అక్కడ సోమవారం ఉదయం 10. ఎక్కిన టైముకంటే ముందే దిగుతారన్నమాట! అదే సోమవారం మధ్యాహ్నం 12కి అక్కడ్నుంచి తిరిగి బయల్దేరితే, టోక్యోలో దిగేసరికి మంగళవారం సాయంత్రం 5 అవుతుంది. అందుకే ఎయిర్‌పోర్టుకు వచ్చి తీసుకెళ్లేవాళ్లకు గంట ఒక్కటే చెప్పకండి. దిగే ఊరి తేదీ, వారం కూడా కలిపి పంపండి.