ట్రైనింగ్‌లు జరుగుతున్నాయి, పని మారలేదు: లోపం ఎక్కడుంది?

సమస్య: ట్రైనింగ్ అయిన నెలకే అందరూ పాత పద్ధతికి వచ్చేశారు

హాజరు బాగుంది, ఫీడ్‌బ్యాక్ ఫారాల్లోనూ మంచి మార్కులే. అందుకని నింద ట్రైనర్ మీదకు పోతుంది. నేనైతే ముందు టార్గెట్లను చూస్తాను. కొత్త పద్ధతిలో మొదటి వారం చెయ్యి నెమ్మదిగానే ఆడుతుంది. ఆ వారం కూడా అదే లెక్క అడిగితే ఎవరైనా తెలిసిన దారే పడతారు. పైగా మరుపు. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లో చూపించాడు: మర్చిపోవడంలో ఎక్కువ భాగం మొదటి గంటల్లోనే జరుగుతుంది.

పరిష్కారం: నేర్చుకున్నది వారంలోపే వాడాల్సిన పని అప్పగించండి, ఆ వారం టార్గెట్ తగ్గించండి. ట్రైనింగ్ పనిచేసిందో లేదో చూడటానికి 1959లో కిర్క్‌పాట్రిక్ అనే అమెరికన్ ప్రొఫెసర్ చెప్పిన కొలతలు నాలుగు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడుతున్నారా, ఫలితం మారిందా. చాలా ఆఫీసులు మొదటిది అడిగి ఫైలు మూసేస్తాయి.

సమస్య: రిపోర్టుల్లో తప్పులు లేవు, కస్టమర్ల ఫిర్యాదులు మాత్రం ఆగట్లేదు

అన్నిటికంటే మొండి జబ్బు ఇదే, ఎందుకంటే కాగితం మీద ఆరోగ్యంలా కనిపిస్తుంది. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లను పరిశీలించినప్పుడు, బాగా పనిచేసే బృందాల్లోనే ఎక్కువ తప్పులు నమోదై ఉన్నాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేస్తున్నారని కాదు, దాచకుండా చెబుతున్నారని ఆమెకు అర్థమైంది. తర్వాత ఒక తయారీ సంస్థలో 51 బృందాలను పరిశీలించి 1999లో ప్రచురించింది: నోరు విప్పినా ఏమీ కాదన్న ధైర్యం ఉన్నచోట నేర్చుకోవడం ఎక్కువ, దాని ద్వారా పనితీరూ మెరుగు.

మీ దగ్గర పరీక్ష సులువు. కిందటిసారి ఎవరైనా తప్పు బయటపెట్టినప్పుడు వచ్చిన మొదటి ప్రశ్న "ఎవరు చేశారు?" అనా, "ఎలా జరిగింది?" అనా?

మొదటిదైతే, "ధైర్యంగా చెప్పండి" అని మెయిల్ పెడితే సరిపోదు, ఏర్పాటు మారాలి. టొయోటా ప్లాంట్లలో తేడా కనిపిస్తే కార్మికుడు తాడు లాగుతాడు లేదా బటన్ నొక్కుతాడు, టీమ్ లీడర్ వెంటనే వస్తాడు, అప్పటికప్పుడు తేలకపోతే లైను ఆగుతుంది. విమానయానంలో పొరపాట్లు చెప్పుకోవడానికి 1976 నుంచి నడుస్తున్న అమెరికా రిపోర్టింగ్ వ్యవస్థను నాసా చూస్తుంది, చర్య తీసుకునే సంస్థ కాదు. చెప్పించుకునేవాడు, శిక్షించేవాడు ఒక్కరే అయితే నోళ్లు మూతపడతాయి. అలాగని దేన్నైనా వదిలేయమని కాదు. కావాలని దాచినదాని సంగతి వేరు.

సమస్య: ఒక్కరు సెలవు పెడితే పని ఆగిపోతుంది

కిటుకంతా ఆయన తలలో ఉంది, అదే ఆయన ఉద్యోగానికి రక్ష కూడా. మాన్యువల్ రాయమంటే రాయరు. ఇంకొకరికి నేర్పితే అప్రైజల్‌లో లెక్కలోకి తీసుకోండి. పని రెండో మనిషి చెయ్యాలి, ఆయన పక్కన కూర్చుని చూడాలి.

సమస్య: "దీనివల్ల లాభం పెరిగిందా?" అని పైవాళ్లు అడుగుతున్నారు

తొందరపడి అవుననకండి. డబ్బున్న సంస్థే ట్రైనింగ్‌కి ఎక్కువ ఖర్చు పెడుతుంది, కాబట్టి ఏది కారణమో, ఏది ఫలితమో తేలదు. ఒక టీములో ఇప్పుడు, అలాంటి పనే చేసే ఇంకో టీములో మూడు నెలల తర్వాత మొదలుపెట్టండి. మళ్లీ చేయాల్సి వచ్చిన పనుల సంఖ్యను రెండు చోట్లా ఈ రోజు నుంచే రాసి ఉంచండి.