పాత హోండా జెడ్50: ఏ మోడలో గుర్తుపట్టి, మళ్లీ నడిచేలా చేయడం

ఒహాయోలో మా చుట్టుపక్కల గరాజ్ సేల్‌లో పిల్లల మోటార్ సైకిల్ కనపడితే నేను ఆగకుండా ముందుకు వెళ్లలేను. వాటిలో ఇంట్లోనే బాగుచేసుకోవడానికి అన్నివిధాలా అనువైనది హోండా జెడ్50. టోక్యో శివార్లలో టామా టెక్ అనే వినోద పార్కు ఉండేది. 1961లో అక్కడ పిల్లలు తిరగడానికి చేసిన జెడ్100 దీనికి మూలం. 1968లో జెడ్50ఏ వచ్చింది. 49 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజన్, మూడు గేర్లు, ఎనిమిది అంగుళాల చక్రాలు. క్లచ్ లివర్ ఉండదు, గేరు కాలితో మార్చేయడమే. తెనాలిలో మెకానిక్ షాపు నడిపిన మా మావయ్యకి వీడియో కాల్‌లో ఇంజన్ చూపిస్తే, "ఒరే, ఇది హీరో హోండా స్ట్రీట్‌కి తమ్ముడిలా ఉందిరా" అన్నాడు. నిజమే, అదే పడుకున్న సిలిండరు, అదే ఆటోమేటిక్ క్లచ్.

కొనడానికి వెళ్లేటప్పుడు టార్చిలైటు, తడిగుడ్డ పట్టుకెళ్లండి. హ్యాండిల్ కింద మెడ దగ్గర మట్టి తుడిస్తే చాసిస్ నంబర్ బయటపడుతుంది. జెడ్50ఏ బండి అయితే అది జెడ్50ఏ అని మొదలవ్వాలి. ఇంజన్ నంబర్ ఎడమవైపు కింద ఉంటుంది. అక్కడ 139ఎఫ్ఎంబీ లాంటిది కనపడితే ఎవరో చైనా ఇంజన్ పెట్టేశారన్నమాట. నడవడానికి అది నడుస్తుంది, కానీ అసలు బండి ధర ఇవ్వొద్దు. నంబర్ గీకేసినట్టు, మళ్లీ కొట్టినట్టు అనిపిస్తే అసలు బేరమే వద్దు.

తర్వాత వెనక చక్రం వైపు చూడండి. షాక్ అబ్జార్బర్లు లేకుండా ఫ్రేమ్ నేరుగా చక్రానికి బిగిసి ఉంటే అది 1972కి ముందుది. 1972 మోడల్ నుంచి వెనక షాక్‌లు వచ్చాయి. 1979లో మొదలైన జెడ్50ఆర్ పూర్తిగా మట్టిలో నడిపే బండి, దానికి లైట్లు ఉండవు. 1986లో మొత్తం క్రోమ్ పూతతో ఒక ప్రత్యేక మోడల్ కూడా వచ్చింది. రెండే గేర్లుంటే మీరు చూస్తున్నది క్యూఏ50 కావచ్చు. అది వేరే బండి, ఇంజన్ సామాన్లు దీనికి సరిపోవు.

ఫుట్‌రెస్ట్ రాడ్ వంగిందా అని తప్పకుండా చూడండి. అది ఇంజన్ అడుగున బోల్టులతో బిగించి ఉంటుంది. బండి పడినప్పుడల్లా ఆ దెబ్బ ఇంజన్ కేసు మరలకే తగులుతుంది. మర పోయిన కేసు బాగుచేయడం పెద్ద పని.

ఇక విప్పడం. ఇంజన్ కవర్ల మీద స్క్రూలు ప్లస్ గుర్తుతో ఉన్నాయి కదా అని మామూలు స్క్రూడ్రైవర్ పెట్టారంటే తలలు అరిగిపోతాయి. అవి జపాన్ కొలత స్క్రూలు, చాలావాటి తల మీద చిన్న చుక్క ఉంటుంది. జేఐఎస్ అని అడిగి వాటికి సరిపడే బిట్ కొనండి. ముందురోజు రాత్రి తుప్పు వదిలించే నూనె వేసి ఉంచి, పొద్దున చేత్తో వాడే ఇంపాక్ట్ డ్రైవర్ పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ కొడితే 'టక్' మని వదులుతుంది. ఆ చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. విప్పిన ప్రతిదీ ఫోటో తీసి, చిన్న కవర్లలో వేసి పేరు రాయండి.

కిక్ కొడితే కదలకపోతే బలవంతం చేయొద్దు. ప్లగ్ తీసి, ఆ రంధ్రంలో కొంచెం డీజిల్ పోసి కొన్నాళ్లు వదిలేయండి. తర్వాత మాగ్నెట్ (ఇంజన్ ఎడమవైపు కవర్ లోపల తిరిగే బరువైన చక్రం) నట్టుకి పానా పెట్టి అటూ ఇటూ మెల్లగా ఆడిస్తే చాలాసార్లు వదులుతుంది.

ట్యాంకులో తుప్పుకి మామూలు తెల్ల వెనిగర్ చాలు. పెట్రోల్ కాక్ విప్పి, ఆ రంధ్రం మూసి, నిండా పోసి ఒకరోజు ఉంచండి. తర్వాత గుప్పెడు నట్లు వేసి కుదిపి, వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే పూర్తిగా ఆరబెట్టండి. కార్బరేటర్ జెట్లలో గట్టి తీగ గుచ్చొద్దు, రంధ్రం పెద్దదైపోతుంది. క్లీనర్ స్ప్రే కొట్టి, గాలి పెడితే చాలు.

పాయింట్స్, అంటే ప్లగ్‌లో నిప్పురవ్వ ఎప్పుడు రావాలో నిర్ణయించే చిన్న స్విచ్చు, సెట్ చేయడానికి ఓపిక కావాలి. మాగ్నెట్ కిటికీలోంచి పాయింట్స్ కనపడతాయి. సన్నటి ఉప్పుకాగితంతో శుభ్రం చేసి, గ్యాప్ 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్ల మధ్య పెట్టండి. పాయింట్ల మధ్య పల్చటి కాగితం పెట్టి లాగుతూ, మాగ్నెట్‌ని గడియారం ముళ్లకి ఎదురుదిశలో తిప్పండి. మాగ్నెట్ మీది ఎఫ్ గీత కేసు మీది గుర్తుకి చేరగానే కాగితం వదలాలి. ఇంజన్ వాల్వుల గ్యాప్‌కి మాగ్నెట్‌ని టీ గీత దగ్గర ఆపి, వాల్వుల్ని నొక్కే రెండు రాకర్లూ వదులుగా ఉన్నాయని చూసుకుని, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు గ్యాప్ 0.05 మిల్లీమీటర్లు పెట్టండి. ఆయిల్ మోటార్ సైకిల్‌కి చేసినదే పోయాలి. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారొచ్చు. డిప్‌స్టిక్ మర తిప్పకుండా ఊరికే ఆనించి లెవెల్ చూడండి.

చక్రాల దగ్గర మాత్రం తొందరపడొద్దు. ఈ రిమ్ము రెండు ముక్కలు, మధ్యలో బోల్టులతో కలిపి ఉంటుంది. ట్యూబులో గాలి ఉండగా ఆ బోల్టులు విప్పితే రిమ్ము ముక్క ఎగిరి ముఖానికి కొట్టొచ్చు. వాల్వ్ పిన్ పూర్తిగా తీసేసి, టైరుని చేత్తో నొక్కి చూసి, గాలి లేదని తేలాకే పానా ముట్టుకోండి. టైరు సైజు 3.50-8. గాట్లు ఎంత బాగున్నా, పగుళ్లున్న పాత టైరు మీద పిల్లల్ని ఎక్కించొద్దు. పాత బ్రేక్ లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, అందుకే డ్రమ్ములో దుమ్ముని గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ కవర్లో కట్టి పారేయండి.

రంగు విషయంలో నా అభిప్రాయం గట్టిది. కంపెనీ రంగు సగానికి పైగా మిగిలి ఉంటే ముట్టుకోవద్దు. సబ్బు నీళ్లు, పాలిష్, మెత్తటి గుడ్డ చాలు. కొత్త రంగు ఎప్పుడైనా వేయొచ్చు, కానీ 1970 నాటి రంగు ఒకసారి గీకేశాక మళ్లీ రాదు. తప్పనిసరైతే తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి. పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు.

మొదటిసారి బయట ఆరుబయటే స్టార్ట్ చేయండి. చోక్ వేసి కిక్ కొట్టండి. స్టార్ట్ అయితే వేడెక్కేదాకా ఉంచి ఆపి, చల్లారాక ప్రతి నట్టూ మళ్లీ బిగించండి. ముఖ్యంగా హ్యాండిల్ మడిచే నాబ్‌లు. అవి వదులైతే నడుస్తుండగానే హ్యాండిల్ పడిపోతుంది. యాక్సిలరేటర్ వదలగానే తనంతట తను వెనక్కి రావాలి, హ్యాండిల్ ఎటు తిప్పినా వేగం మారకూడదు. అది కుదిరాక మొదట మీరు నడిపి బ్రేకులు చూసుకోండి, తర్వాతే హెల్మెట్ పెట్టి పిల్లల్ని ఎక్కించండి. చలికాలానికి లోపల పెట్టేముందు పెట్రోల్ కాక్ కట్టేసి, కార్బరేటర్ గిన్నెలో మిగిలిన పెట్రోలు వంచేయండి.