ఎర్రమట్టి కుండీల్లో వేపాకు జింకు

భువనేశ్వర్ దగ్గరి లాటరైట్ (ఇనుము ఎక్కువున్న ఎర్ర) మట్టిలో నీళ్లు నిలిస్తే ఇనుము ఫెర్రస్‌గా, అంటే నీళ్లలో కరిగే రూపంలోకి మారి వేళ్లలోకి దూరుతుంది. వరి ఆకుల కొనల నుంచి గోధుమరంగు చుక్కలు మొదలవుతాయి. వేపాకుతో చేసిన నానో జింక్ ఆక్సైడ్‌లో (అతి సన్నని జింకు పొడిలో) నానిన వరి విత్తనాలు దీన్ని తట్టుకుంటాయా అని ఆ మట్టితో నా కుండీల ప్రయోగం ఇలా.

20 గ్రాముల వేపాకును 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో అరగంట మరిగించి వడకట్టండి. 50 మిల్లీలీటర్ల కషాయానికి 5 గ్రాముల జింక్ నైట్రేట్ వేసి, ముద్దయ్యేదాకా వేడి మీద కలపండి. ఫర్నేసులో 400 డిగ్రీల దగ్గర 2 గంటలు. పొగ విషం, ఫ్యూమ్ హుడ్ (పొగను బయటికి లాగే గూడు) తప్పనిసరి. పొడి తెల్లగా రావాలి. నాది మొదటిసారి బూడిదరంగులో మిగిలింది, ఆకు సరిగా కాలలేదన్నమాట, పారేశాను.

లీటరు నీటికి ఈ పొడి 50 మిల్లీగ్రాములు కలిపి విత్తనాలు రాత్రంతా నానబెట్టండి. పక్కనే జింక్ సల్ఫేట్‌లో నానినవి ఒక కుండీ, ఉత్త నీళ్లవి ఒకటి పెట్టండి. అవి లేకపోతే ఫలితం నానోదా, మామూలు జింకుదా అన్నది తేలదు. పొలంలో అయితే ఇదంతా కాదు, ముందు నీళ్లు తీసి మడి ఆరబెట్టమంటాను.