గట్టు కదపకుండా తక్కువ ఖర్చులో మాడ్యులర్ వంటగది

పాత ఇంట్లో వంటగది మార్చాలనుకోగానే చాలామంది ముందు గ్రానైట్ గట్టు పగలగొట్టిస్తారు. గట్టు సమంగా ఉండి, పగుళ్లు లేకపోతే దాని జోలికి వెళ్లొద్దు. తీసిన పలక ముక్కలవకుండా చేతికి రావడం అరుదు, పైగా వెనక టైల్స్, సింకు పైపు, గోడ పూత అన్నీ మళ్లీ చేయించాల్సి వస్తుంది, కప్‌బోర్డుల దాకా రాకముందే డబ్బులు అయిపోతాయి. ఎత్తు ఒక్కటి చూసుకోండి. ఇంట్లో ఎక్కువగా వంట చేసేవాళ్లు నిలబడి మోచేయి మడిస్తే గట్టు దానికి నాలుగైదు అంగుళాలు కిందుండాలి. మామూలుగా 32 నుంచి 34 అంగుళాల గట్టు మనవాళ్లకు సరిపోతుంది.

మన ఊళ్లలో గట్టు కింద చాలా ఇళ్లలో కడప బండలే నిలువుగా నిలబెట్టి అరలు చేసి ఉంటాయి. పైన గ్రానైట్‌ను మోసేది కూడా ఆ నిలువు బండలే. అందుకే మధ్య బండ తీసేస్తే పెద్ద డ్రాయర్ వస్తుందని ఎవరైనా అంటే, తీశాక ఆ బరువు దేని మీద ఆగుతుందో ముందు చెప్పమనండి. పలచటి రాతి అంచులోకి స్క్రూ దిగదు కాబట్టి మనకు రెండు దారులున్నాయి. ముందువైపు అల్యూమినియం ఫ్రేమ్ కట్టి షట్టర్లు, అంటే తలుపులు, బిగించుకోవచ్చు, లోపల బండ అరలు అలాగే ఉంటాయి, ఖర్చు తక్కువ, ఫ్రేముకు చెదల భయం లేదు. లేదంటే ఒక్కో గడికి సరిపడే బాక్సు చేయించి లోపలికి తోయించాలి, డ్రాయర్లు కావాలంటే ఇదే పద్ధతి. నన్నడిగితే రెండూ కలపండి. సింకు కింద, సిలిండర్ దగ్గర ఫ్రేమూ షట్టరూ చాలు, పొయ్యి కిందా దాని పక్కనా మాత్రం బాక్సులు పెట్టించుకోండి.

కొలతలు మీరే ఒకసారి తీసుకోండి, కార్పెంటర్ తీసినా సరే. పాత కట్టడంలో గడులు సరిగ్గా చదరంగా ఉండవు, వెడల్పును పైన, మధ్యలో, కింద కొలిచి అన్నిట్లో తక్కువది లెక్కలోకి తీసుకుని, ఇరువైపులా మూడు నాలుగు మి.మీ. ఖాళీ వదలండి. డ్రాయర్ల దగ్గర ఇంకో సంగతి ఉంది. 450 మి.మీ. బాక్సు అంటే రెండు పక్కలా 18 మి.మీ. బోర్డు పోగా లోపల 414, డ్రాయర్ జారే పట్టాలు, అంటే టెలిస్కోపిక్ చానెళ్లు, చెరో 13 తీసుకుంటాయి, డ్రాయర్‌కు మిగిలేది 388, దాని పక్క పలకల మందం కూడా తీసేస్తే సామాను పెట్టుకునే చోటు ఇంకా తగ్గుతుంది. కాబట్టి మీ పెద్ద కడాయి, కుక్కరు పిడితో సహా కొలిచి, ఏ డ్రాయర్‌లో ఏది పెడతారో కాగితం మీద రాసుకుని అప్పుడే ఆర్డరివ్వండి. బియ్యం డబ్బా, ఆవకాయ జాడీలు, నూనె డబ్బా లాంటి బరువులు డ్రాయర్‌లో వద్దు, కింద బండ మీదే ఉండాలి.

ఇక బోర్డు. తక్కువ ధరకు చెప్పే రెడీమేడ్ కిచెన్లలో ఎక్కువగా చెక్కపొట్టును జిగురుతో నొక్కి చేసే పార్టికల్ బోర్డు వాడతారు. పొడిగా ఉండే చోట అది పనికొస్తుంది, కానీ సింకు దగ్గర ఒక్కసారి లీకేజీ అయితే అంచులు టీలో నానిన బిస్కెట్‌లా ఉబ్బిపోతాయి, మళ్లీ మామూలు కావు. మనం వంటగదిని తడిబట్టతో తుడవడమే కాదు, పండగొస్తే నీళ్లు పోసి కడుగుతాం కూడా. అందుకే కింది బాక్సులకు ఐఎస్ 710 ప్రమాణం మార్కున్న బీడబ్ల్యూపీ ప్లైవుడ్, అంటే మరిగే నీళ్లను కూడా తట్టుకునే రకం, పెట్టించండి, పై కప్‌బోర్డులకు హెచ్‌డీహెచ్‌ఎంఆర్ అనే, తేమను తట్టుకునే గట్టి ఫైబర్ బోర్డుతో సరిపెట్టుకోవచ్చు. అన్నిచోట్లా ఖరీదైన ప్లైవుడ్ అక్కర్లేదు, నీళ్లు తగిలే చోట మాత్రం రాజీ పడొద్దు. షీటు మీద ఐఎస్ఐ గుర్తు పక్కన సీఎం/ఎల్ అని ఒక లైసెన్సు నంబరుంటుంది, దాన్ని ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీకి ఇచ్చారో వస్తుంది. షాపులో ముక్క అడిగి తెచ్చుకుని కొన్ని గంటలు నీళ్లలో మరిగించి చూడండి, పొరలు విడిపోతే ఆ సరుకు వద్దు. అసలు ప్రమాణం ప్రకారం బీడబ్ల్యూపీ 72 గంటలు మరిగినా తట్టుకోవాలి.

బోర్డు ఎంత మంచిదైనా కోసిన అంచు తెరిచి ఉంటే నీరు అక్కడినుంచే ఎక్కుతుంది. షట్టర్లకు నాలుగు వైపులా మెషీన్‌తో ఎడ్జ్ బ్యాండ్, అంటే అంచును మూసే టేపు, వేయించండి, ముఖ్యంగా కింది అంచుకు, ఎందుకంటే కనిపించదని అదే వదిలేస్తారు. చేత్తో గమ్ము రాసి అంటించిన టేపు పొయ్యి వేడికి కొన్నాళ్లకే లేచి వస్తుంది. బాక్సులు నేలను తాకకుండా నాలుగంగుళాల పీవీసీ కాళ్లు, ముందు ఊడదీసి కడుక్కునే స్కర్టింగ్ ఉంటే బొద్దింకల బాధ కూడా తగ్గుతుంది.

సిలిండర్ విషయంలో అందం చూడొద్దు. వంట గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే కిందికే దిగి పేరుకుంటుంది, కాబట్టి సిలిండర్ ఉన్న గడి షట్టర్‌కు కింది భాగంలో జాలీ తప్పనిసరి, రెగ్యులేటర్ ఒక్క చేత్తో అందాలి. రబ్బరు ట్యూబు డ్రాయర్ వెనక నలిగేలా పోనివ్వొద్దు, ఐదేళ్లకోసారి మార్చాలి కాబట్టి కంటికి కనిపించేలా ఉండాలి. ఓవెన్‌కు 16 ఆంపియర్ల ప్లగ్గు, చిమ్నీ గొట్టానికి గోడలో రంధ్రం లాంటివన్నీ బాక్సులు రాకముందే చేయించేయండి.

డబ్బు మిగలాలంటే డ్రాయర్లు తగ్గించండి. పొయ్యి పక్కన చెంచాలకూ పోపుల డబ్బాకూ ఒక లోతు తక్కువది, పొయ్యి కింద గిన్నెలకు రెండు లోతైనవి, మిగతా అంతా అరలూ షట్టర్లే. ఆ మిగిలిన డబ్బు షట్టర్లు చప్పుడు లేకుండా మెల్లగా మూసుకునే సాఫ్ట్ క్లోజ్ హింజెస్ మీద పెట్టండి, రోజుకు పదిసార్లు తీసి వేసేది ఆ షట్టర్లనే. అక్రిలిక్ మెరుపులు నాకు నచ్చవు, గీతలు పడితే ఇట్టే కనిపిస్తాయి. చెక్క రంగు మ్యాట్ లామినేట్ 1 మి.మీ. మందంలో తీసుకుంటే నూనె చేతుల మరకలు అంతగా కనిపించవు. లోపల తెల్లది వేయిస్తే పురుగూ మరకా వెంటనే తెలుస్తాయి. పై కప్‌బోర్డులు, లాఫ్ట్ వచ్చే ఏడాదికి వాయిదా వేసినా నష్టమేం లేదు.

కొటేషన్‌లో చదరపు అడుగు రేటు ఒక్కటే చూసి ఒప్పుకోవద్దు. ముందు కనిపించే షట్టర్ వైశాల్యమే కొలుస్తారా, లోపలి అరలు, వెనక పలక విడిగా లెక్కేస్తారా, హ్యాండిళ్లు, చానెళ్లు, పాతవి తీసేసే కూలి, జీఎస్టీ అందులోనే ఉన్నాయా, బోర్డు, లామినేట్, హింజెస్ ఏ కంపెనీవి, అన్నీ కాగితం మీద రాయించండి. ఇద్దరు ముగ్గురి దగ్గర ఒకే కొలతలిచ్చి అడిగితేనే రేట్లు పోల్చడం కుదురుతుంది.

చివరి విడత డబ్బు బిగింపు రోజే ఇచ్చేయకండి. ప్రతి డ్రాయర్‌లో కుక్కర్లు, గిన్నెలు నింపి పూర్తిగా బయటికి లాగి చూడండి, షట్టర్ల మధ్య సందు పై నుంచి కిందిదాకా ఒకేలా ఉందో గమనించండి, సింకు నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదిలి, కింద పైపు జాయింట్ల చుట్టూ పొడి న్యూస్‌పేపరు పరిచి ఉంచండి. తెల్లారి పేపరు పొడిగా ఉంటే మిగిలింది ఇచ్చేయండి.