సైటు తెరుచుకునే ముందు ఆగిపోతోందా? డీఎన్ఎస్ మార్చి చూడండి

మా గుంటూరు బ్రాడీపేటలో ఇంటి పేరు చెబితే ఆటో అతను తల గోక్కుంటాడు. ఎన్నో లైను, ఎన్నో అడ్డరోడ్డు అన్నది చెబితే తిన్నగా గుమ్మం ముందు దింపుతాడు. కంప్యూటరూ అంతే. మనం సైటు పేరు కొడతాం, దానికి కావాల్సింది నంబరు. పేరు చెబితే నంబరు చెప్పేది డీఎన్ఎస్ సర్వర్. మనం ఏమీ మార్చకపోతే ఆ పని ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చినవాళ్ల సర్వరే చేస్తుంది.

నేను ఇంటి నుంచే మిర్చి వ్యాపారుల లెక్కలు రాస్తాను. పూటకు ముప్పై, నలభై సైట్లు తెరుస్తాను. కొన్నాళ్లుగా క్రోమ్‌లో కింద ఎడమ మూలన ‘రిజాల్వింగ్ హోస్ట్’ అని పడి, ఒక్క క్షణం బిగుసుకుపోయేది. ఆ తర్వాత పేజీ చకచకా వచ్చేసేది. మీకూ ఇలాగే ఉంటేనే ఈ వైద్యం. పేజీ మొదలయ్యాక బొమ్మలు ఈడ్చుకుంటూ వస్తున్నా, వీడియో మధ్యలో ఆగి తిరుగుతున్నా అది వేరే జబ్బు. డీఎన్ఎస్ మారిస్తే డౌన్‌లోడ్ స్పీడు పెరగదు.

ముందు కొలవండి. స్టీవ్ గిబ్సన్ రాసిన ‘డీఎన్ఎస్ బెంచ్‌మార్క్’ అనే చిన్న ప్రోగ్రాం ఉంది, ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. ఒక్కో సర్వరుకు రంగు గీతలు గీసి చూపిస్తుంది. ఎర్రది సర్వరుకు అప్పటికే గుర్తున్న పేర్లకు పట్టిన సమయం, ఆకుపచ్చది కొత్తగా కనుక్కుని రావాల్సిన పేర్లకు పట్టిన సమయం. గీత ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. పొద్దున ఒకసారి, రాత్రి తొమ్మిదికి అపార్ట్‌మెంట్ అంతా నెట్ మీద ఉన్నప్పుడు ఇంకోసారి నడపండి.

పొద్దున చూస్తే మా కనెక్షన్ వాళ్ల సర్వరే అన్నిటికంటే ముందుంది. దగ్గర్లో ఉంటుంది కాబట్టి వింతేం లేదు. రాత్రి చూస్తే మాత్రం కొన్ని ప్రశ్నలకు అసలు జవాబే ఇవ్వలేదు. రోగం అక్కడ దొరికింది. పది మిల్లీసెకండ్లు, ముప్పై మిల్లీసెకండ్లు అన్న తేడా మనిషి కంటికి ఆనదు. కానీ జవాబు రాకపోతే విండోస్ దాదాపు ఒక సెకను ఎదురుచూసి అప్పుడు రెండో సర్వరును అడుగుతుంది. మనకు చిరాకు తెప్పించేది ఆ సెకనే. అందుకే నేను అందరికంటే వేగంగా ఉన్నదాన్ని కాకుండా, ఎప్పుడడిగినా పలికేదాన్ని ఎంచుకున్నాను.

అందరూ వాడుకోదగ్గ ఉచిత సర్వర్లు చాలానే ఉన్నాయి. గూగుల్‌ది 8.8.8.8, దానికి జోడు 8.8.4.4. ఇది 2009 నుంచి ఉంది. క్లౌడ్‌ఫ్లేర్‌ది 1.1.1.1, జోడు 1.0.0.1. దీన్ని 2018 ఏప్రిల్ 1న మొదలుపెట్టారు, ఏప్రిల్ ఫూల్ జోక్ మాత్రం కాదు. క్వాడ్9 వాళ్లది 9.9.9.9. మోసపు సైట్లని తెలిసినవాటిని ఇది తెరవనివ్వదు. పెద్దవాళ్లు వాడే కంప్యూటరుకు నేనైతే దీన్నే పెడతాను.

మార్చడం రెండు నిమిషాల పని. విండోస్ 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, హార్డ్‌వేర్ ప్రాపర్టీస్ వరుసగా తెరవండి. ‘డీఎన్ఎస్ సర్వర్ అసైన్‌మెంట్’ పక్కన ఎడిట్ నొక్కి, ఆటోమేటిక్ తీసేసి మాన్యువల్ పెట్టండి. ఐపీవీ4 (ఇంటర్నెట్ నంబర్లలో పాత రకం) ఆన్ చేసి మొదటి గడిలో ఒక నంబరు, రెండో గడిలో దాని జోడు రాసి సేవ్ చేయండి.

చాలామంది ఇక్కడితో లేచిపోతారు. నేనూ లేచిపోయాను, వారమైనా ఏ మార్పూ కనిపించలేదు. చివరికి కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎన్‌ఎస్‌లుకప్ అని కొట్టి చూశాను (ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి). ఏ సర్వరును అడుగుతున్నదీ అక్కడ చెబుతుంది. నేను పెట్టిన నంబరు కాకుండా ఎఫ్ఈ80తో మొదలయ్యే అడ్రస్ ఉంది. అంటే మా రూటరే! దాని వెనకాల మళ్లీ ఆ పాత సర్వరే. నేను మార్చింది ఐపీవీ4 మాత్రమే, ఐపీవీ6 (కొత్త రకం పొడుగు నంబర్లు) దారి అలాగే ఉండిపోయింది. అదే పేజీలో కింద ఐపీవీ6 కూడా ఆన్ చేసి గూగుల్‌దైతే 2001:4860:4860::8888, క్లౌడ్‌ఫ్లేర్‌దైతే 2606:4700:4700::1111 రాయండి. ఒక్క చుక్క కూడా వదలొద్దు.

బ్రౌజరులోనూ ఒక తలుపు ఉంది. క్రోమ్ ప్రైవసీ అండ్ సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో ‘యూజ్ సెక్యూర్ డీఎన్ఎస్’ దగ్గర ఇంకో సంస్థ పేరు పెట్టి ఉంటే, విండోస్‌లో మీరు చేసిన మార్పు క్రోమ్‌కు పట్టదు.

క్లీనర్ ప్రోగ్రాములతో రోజూ డీఎన్ఎస్ క్యాష్ తుడిచేవాళ్లను చూశాను. ఒకసారి కనుక్కున్న నంబరును కంప్యూటరు కొంతసేపు గుర్తుపెట్టుకుంటుంది, అదే క్యాష్. తుడిస్తే మళ్లీ మొదటి నుంచి అడుక్కోవాలి, ఇంకా ఆలస్యం. సర్వరు మార్చిన రోజు ఒక్కసారి తుడిస్తే చాలు.

మా తమ్ముడు ఇంకో చిట్కా చెప్పాడు, హోస్ట్స్ ఫైల్లో (కంప్యూటరులోనే ఉండే పేర్లు, నంబర్ల జాబితా) సైటు నంబరు నేరుగా రాసుకోమని. ఇంటర్నెట్ తొలిరోజుల్లో అలాగే చేసేవాళ్లట. 1983లో పాల్ మోకపెట్రిస్ డీఎన్ఎస్‌ను రూపొందించిందే ఆ ఫైలు మోయలేక. చెప్పింది విని ఒక సైటు నంబరు రాసుకున్నాను. రెండు నెలలకు ఆ సైటు నంబరు మారింది, గడువు రోజున నాకొక్కదానికే తెరుచుకోలేదు. ఆ టెన్షన్ పగవాళ్లకు కూడా వద్దు.

కొత్త సర్వరు పెట్టాక కనెక్షన్ వాళ్ల లాగిన్ పేజీగానీ, ఆఫీసు వీపీఎన్ లోపలి సైట్లుగానీ తెరుచుకోకపోతే మళ్లీ ఆటోమేటిక్‌కు తిప్పేయండి. అన్నీ బాగుంటే ఓ వారం తర్వాత రూటరులోనే మార్చుకోండి, ఇంట్లో ఫోన్లకూ టీవీకీ వర్తిస్తుంది. రూటరు పేజీ సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1 దగ్గర ఉంటుంది. పాత సెట్టింగులను ఫోనుతో ఫొటో తీసుకున్నాకే చెయ్యి పెట్టండి. మా ఇంట్లో సీరియల్ టైముకు వైఫై ఆగితే ముందు నా పేరే వినపడుతుంది.